రాత్రి 3 గంటల మీటరు: విశ్వవిద్యాలయ ప్రాంగణాల్లో ఉద్గారాలను తగ్గించడం ఎలా?

(ప్రసంగ పాఠం. చివర్లో సభికుల ప్రశ్నలు, వాటికి జవాబులు ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. ఈ హాల్లో ఎస్టేట్ విభాగం ఇంజనీర్లున్నారు, ల్యాబ్‌లు నడిపే ఆచార్యులున్నారు, బిల్లులు కట్టే ఫైనాన్స్ వాళ్లూ ఉన్నారు. ముగ్గురికీ కలిపి ఒక ప్రశ్న. సెలవు రోజు రాత్రి 3 గంటలకు మీ ప్రాంగణం మెయిన్ మీటరు ఎన్ని కిలోవాట్లు చూపిస్తుంది?

ఆ వేళ క్లాసుల్లేవు, ఆఫీసుల్లో మనిషి లేడు, లైబ్రరీ మూసేశారు. అయినా పగటి గరిష్ఠ లోడులో సగానికి దగ్గరగా మీటరు తిరుగుతూ ఉండటం పెద్ద విశ్వవిద్యాలయాల్లో అరుదేమీ కాదు. ల్యాబ్‌లు ఎక్కువున్న చోట సగం దాటుతుంది కూడా. అందులో కొంత నిజంగా అవసరమే: ఫ్రీజర్లు, సర్వర్లు, జంతుశాల, వీధి దీపాలు. మిగతాది ఎవరూ ఆపమని చెప్పలేదు కాబట్టి నడుస్తున్నది.

ఒక చిన్న గుణకారం చేద్దాం. ఏడాదికి 8,760 గంటలు. రేయింబవళ్లు నడిచే లోడులో 100 కిలోవాట్లు తగ్గిస్తే ఏటా 8,76,000 యూనిట్లు మిగులుతాయి. మీ గ్రిడ్‌లో యూనిట్‌కు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ పడుతుందనుకుంటే అది 613 టన్నులు. అన్ని యూనిట్లు సోలార్‌తో తెచ్చుకోవాలంటే, కిలోవాటు పలకలు ఏడాదికి 1,400 యూనిట్లు ఇస్తాయనే ఉదార అంచనాతో, 620 కిలోవాట్లకు పైగా పలకలు కావాలి. అవి పరచడానికి వేల చదరపు మీటర్ల కప్పు కావాలి. పైగా రాత్రి 3 గంటలకు సూర్యుడు రాడు. ఫోటోలో మాత్రం పలకలే బాగుంటాయి, ఆపేసిన ఫ్యాను కనిపించదు. (నవ్వులు)

ఇప్పుడు లెక్క సంగతి. 2001 నుంచి వాడుకలో ఉన్న జీహెచ్‌జీ ప్రోటోకాల్ (గ్రీన్‌హౌస్ వాయువుల లెక్కకు ప్రమాణం) ఉద్గారాలను మూడు స్కోపులుగా విడదీస్తుంది. ప్రాంగణంలోనే మండినవి, కారినవి స్కోప్ 1. కొన్న కరెంటు, కొన్న ఆవిరి స్కోప్ 2. ప్రయాణాలు, కొనుగోళ్లు, నిర్మాణం, చెత్త వంటి మిగతావన్నీ స్కోప్ 3. చేతిలెక్కకు ఇవి గుర్తుంచుకోండి: లీటరు డీజిల్‌కు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్, కిలో ఎల్పీజీకి 3 కిలోలు, ఘనపు మీటరు సహజవాయువుకు 2 కిలోలు. కరెంటుకు ఒకే సంఖ్య అంటూ ఉండదు. నేరుగా బొగ్గు కేంద్రం నుంచి వస్తే యూనిట్‌కు కిలోకు దగ్గర, గ్యాసు కేంద్రమైతే 0.4 ప్రాంతం, జలవిద్యుత్తయితే దాదాపు ఏమీ ఉండదు. మీ గ్రిడ్‌కు అధికారికంగా ప్రకటించిన గుణకమే (యూనిట్‌కు ఎన్ని కిలోలన్న సంఖ్య) వాడండి, అది ఏ ఏడాదిదో పక్కనే రాయండి.

లెక్కలో ఎక్కువ మంది తప్పటడుగు వేసేది ఆధార సంవత్సరం దగ్గర. 2020ని ఆధారంగా తీసుకుంటే ప్రాంగణం సగం మూతపడిన ఏడాదితో పోలుస్తున్నట్టే, ఆ తర్వాత ఏం చేసినా పెరిగినట్టే కనిపిస్తుంది. 2019తో పోల్చి 2020లో గొప్పగా తగ్గించామని చెప్పుకోవడం దానికి రెండో వైపు. మూడు మామూలు సంవత్సరాల సగటు తీసుకోండి. ఎండ ఎక్కువున్న ఏడాదికి ఎక్కువ చల్లదనం పడుతుంది కాబట్టి కూలింగ్ డిగ్రీ డేస్‌తో (ఏడాదిలో ఎన్ని రోజులు ఎంత వేడి ఉందో చెప్పే లెక్కతో) సవరించండి.

మీటర్లనూ గుడ్డిగా నమ్మకండి. త్రీ ఫేజ్ మీటరులో ఒక ఫేజు సీటీని (కరెంటును కొలిచి మీటరుకు పంపే చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌ను) తిరగేసి బిగిస్తే, లోడు సమానంగా ఉన్నప్పుడు రెండు ఫేజులు కూడి ఒకటి తీసివేతకు పోతుంది. అసలు వాడకంలో మూడో వంతే నమోదవుతుంది. 800/5 సీటీ పెట్టి మీటరులో 400/5 అని నమోదు చేస్తే సగమే చూపిస్తుంది. ఉప మీటర్ల మొత్తానికీ మెయిన్ మీటరుకూ తేడా 5 శాతం దాటితే ఆ నెల నివేదిక రాయడం ఆపి, ముందు ఆ తేడా ఎక్కడుందో వెతకండి. "ఆ భవనం చాలా పొదుపు" అని మెచ్చుకున్న భవనాల్లో కొన్నింటి రహస్యం ఇలా తిరగబడిన సీటీయే.

సరే, రాత్రి ఏం నడుస్తోంది? మొదటి ముద్దాయి గాలి. ఏహెచ్‌యూ (గాలిని చల్లబరిచి భవనంలోకి పంపే యంత్రం) ఫ్యాన్లు. వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని మార్చే డ్రైవ్) ఉన్న ఫ్యాను వేగాన్ని 20 శాతం తగ్గిస్తే కావలసిన శక్తి వేగానికి ఘనంగా పడిపోతుంది: 0.8 ఘనం 0.51, అంటే సగం. డక్టులో (గాలి గొట్టంలో) స్థిర పీడనం సెట్‌పాయింట్‌ను, అంటే నిలపాలని పెట్టిన విలువను, పైనే ఉంచేస్తే అంత లాభం రాదు. అందుకే డ్యాంపర్లు (గాలిని అదుపు చేసే రెక్కలు) ఎంత తెరుచుకున్నాయో చూసి పీడనాన్ని కూడా తగ్గించే లాజిక్ బీఎంఎస్‌లో (భవన యంత్రాలను నడిపే కంప్యూటర్ వ్యవస్థలో) పెట్టాలి. సాధారణంగా దొరికే తప్పు దీనికన్నా సాదా. ఎప్పుడో ఒక ఫిర్యాదు వచ్చినప్పుడు డ్రైవ్‌ను మాన్యువల్‌లో పెట్టి పూర్తి వేగానికి తిప్పేసి, మళ్లీ ఆటోలోకి తేవడం మరిచిపోతారు. డబ్బు పోసి కొన్న వీఎఫ్‌డీ అప్పటినుంచి ఖరీదైన స్విచ్చే. ప్రతి నెలా బీఎంఎస్ నుంచి ఓవర్‌రైడ్‌ల (ఆటోను తప్పించి చేత్తో పెట్టిన సెట్టింగుల) జాబితా తీయండి. ఎవరు పెట్టారు, ఎందుకు, ఎప్పటిదాకా అన్న మూడు వివరాలు లేనిదాన్ని రద్దు చేయండి.

రెండోది, ఒకే ఏహెచ్‌యూ మీద బతికే సర్వర్ గది. భవనమంతా ఖాళీ, మూలన ఒక గదిలో నాలుగు సర్వర్లు. వాటి కోసం మొత్తం ఏహెచ్‌యూకి 13 డిగ్రీల గాలి, ఆ చలికి తట్టుకోలేక మిగతా గదుల్లో గాలిని మళ్లీ వేడిచేసే రీహీట్ కాయిళ్లు. చల్లబరచడానికీ వేడి చేయడానికీ ఏకకాలంలో ఖర్చు పెడుతున్నారన్నమాట. ఆ గదికి విడిగా చిన్న యూనిట్ పెట్టి పెద్దదాన్ని రాత్రి ఆపేయండి. సాయంత్రం తరగతులకూ ఇదే సూత్రం. ఆరు భవనాల్లో ఒక్కో క్లాసు పెట్టే టైంటేబుల్‌ని ఒకే భవనంలోకి సర్దితే ఐదు భవనాలు పడుకుంటాయి. దీనికి పైసా ఖర్చు లేదు, కానీ టైంటేబుల్ కమిటీని ఒప్పించడం చిల్లర్ (ఏసీకి నీళ్లు చల్లబరిచే పెద్ద యంత్రం) మార్చడం కన్నా కష్టమని మీ అందరికీ తెలుసు. (నవ్వులు)

ఇక ల్యాబ్‌లు. ఇక్కడ కాస్త ఆగి మాట్లాడాలి, ఎందుకంటే చదరపు మీటరుకు అత్యధికంగా మింగేది ఇవే. ఫ్యూమ్ హుడ్ (రసాయనాల ఆవిర్లను బయటకు లాగేసే పెట్టె) తీసుకోండి. వెడల్పు 1.8 మీటర్లు, సాష్ (ముందు జరిగే అద్దం తలుపు) 45 సెంటీమీటర్లు తెరిచి ఉంది, ముఖం దగ్గర గాలి వేగం సెకనుకు అర మీటరు. గుణిస్తే సెకనుకు 0.4 ఘనపు మీటర్లు, గంటకు 1,450 దాకా. ఆ గాలి గదిలోంచి పోతోంది కాబట్టి అంత గాలీ బయటినుంచి తెచ్చి, చల్లార్చి, తేమ తీసి లోపలికి పంపాలి. బయట 35 డిగ్రీల వేడి, 50 శాతం తేమ ఉన్న రోజున ఒక్క హుడ్ కోసం సుమారు 20 కిలోవాట్ల చల్లదనం కావాలి, అంటే ఏసీల లెక్కలో ఆరు టన్నులకు దగ్గర. అలాంటివి వంద ఉంటే ఒక పెద్ద చిల్లర్ వాటికే సరిపోతుంది.

అందుకే "సాష్ మూయండి" అని స్టిక్కర్లు అంటిస్తారు. మంచిదే, భద్రతకు కూడా మంచిదే. అయితే ఒక మెలిక ఉంది. సాష్ మూస్తే గాలి తగ్గేది వీఏవీ (అవసరాన్ని బట్టి గాలి పరిమాణం మార్చుకునే) హుడ్‌లోనే. పాత స్థిర ప్రవాహ హుడ్‌లో సాష్ మూసినా పైన బైపాస్‌లోంచి అదే గాలి పోతూ ఉంటుంది. స్టిక్కరుకు ముందు మీ హుడ్‌లు ఏ రకమో జాబితా వేయండి. వీఏవీ అయినా గదికి గంటకు 12 సార్లు గాలి మారాలని బీఎంఎస్‌లో కనిష్ఠం పెట్టి ఉంటే, హుడ్ తగ్గించిన గాలిని గది గాలిని బయటకు లాగే జనరల్ ఎగ్జాస్ట్ భర్తీ చేసేస్తుంది. అంటే సాష్ మూశారు కానీ ఏమీ మిగల్లేదు. ఆ కనిష్ఠాన్ని రసాయనాలేమిటి, ఎంత వాడుతున్నారు అన్నది చూసి గది గదికీ నిర్ణయించాలి. ప్రమాదం తక్కువున్న గదుల్లో మనుషులున్నప్పుడు 6, లేనప్పుడు 4 సరిపోవచ్చు. వాడకం లేని హుడ్‌ను డక్టు దగ్గరే సీలు చేసి, "పనిచేయదు" అని రాసి, జాబితాలోంచి తీసేయండి. రసాయనాల అలమరగా మారిన హుడ్‌లు ప్రతి విభాగంలో ఒకటో రెండో ఉంటాయి. వాటికి వెంటిలేషన్ ఉన్న స్టోరేజ్ కేబినెట్ ఇస్తే చాలు.

మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్ల సంగతి చూద్దాం. పాత యంత్రం రోజుకు 20 యూనిట్లు తింటుంది, కొత్త మంచి మోడళ్లు దాదాపు సగంతో సరిపెడతాయి. సెట్‌పాయింట్‌ను మైనస్ 80 నుంచి మైనస్ 70కి మారిస్తే వాడకంలో దాదాపు మూడో వంతు తగ్గుతుంది, కంప్రెసర్ మీద ఒత్తిడీ తగ్గుతుంది. చాలా రకాల నమూనాలకు మైనస్ 70 సరిపోతుంది. అన్నింటికీ అని చెప్పను, అది ఆ పరిశోధకులే తేల్చాలి. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం బౌల్డర్ ప్రాంగణం ఈ మార్పును ముందుగా ప్రోత్సహించిన వాటిలో ఒకటి. సెట్‌పాయింట్ మార్చే ముందు మంచు గీకి, కండెన్సర్ ఫిల్టర్ కడగాలి. దుమ్ము పట్టిన ఫిల్టర్‌తో మైనస్ 70కి మార్చి, రెండు వారాల తర్వాత అలారం మోగితే, తప్పు మైనస్ 70 మీదకు పోతుంది. ఆ తర్వాత ఆ విభాగంలో పదేళ్లు ఎవరూ ఆ మాట ఎత్తరు. అన్నింటికీ మించి, చదువు పూర్తయి వెళ్లిపోయిన విద్యార్థుల పెట్టెలు ఖాళీ చేస్తే చాలాచోట్ల ఒక ఫ్రీజర్‌ను పూర్తిగా ఆపేయొచ్చు.

చిల్లర్ ప్లాంటుకు వద్దాం. నీళ్లు 7 డిగ్రీల దగ్గర వెళ్లి 12 దగ్గర తిరిగి రావాలని డిజైన్. నిజంగా వచ్చేది 9 దగ్గర. తేడా 5 ఉండాల్సింది 2 అయింది కాబట్టి అంతే చల్లదనానికి రెండున్నర రెట్లు నీళ్లు తిప్పాలి. నీళ్లు చాలక రెండో చిల్లర్ మొదలవుతుంది, రెండూ సగం లోడులో అరకొరగా నడుస్తాయి. దీనికి మందు కొత్త చిల్లర్ అనుకుంటే పొరపాటు. మూడు దారుల వాల్వులు, సరిగా మూసుకోని పెద్ద వాల్వులు, మురికి కాయిళ్లు, మరీ తక్కువకు పెట్టిన గాలి ఉష్ణోగ్రత, కారణాలు ఇవీ. తిరుగు నీటి ఉష్ణోగ్రతను ఏహెచ్‌యూల వారీగా కొలిస్తే దొంగ దొరుకుతాడు. చల్లటి నీటి సెట్‌పాయింట్‌ను ఒక డిగ్రీ పెంచితే చిల్లర్ కరెంటు 2 నుంచి 3 శాతం తగ్గుతుంది. అయితే తేమ ఎక్కువున్న కాలంలో పెంచితే లైబ్రరీ పుస్తకాలకు బూజు పడుతుంది. తేమను చూసి మార్చే లాజిక్ పెట్టాలి, క్యాలెండర్ చూసి కాదు.

చలిదేశాల విశ్వవిద్యాలయాలకు అసలు బరువు ఆవిరి. ఒకచోట బాయిలర్లు, భూమిలో మైళ్ల కొద్దీ పైపులు. మూడు నుంచి ఐదేళ్లు పట్టించుకోని వ్యవస్థల్లో 15 నుంచి 30 శాతం స్టీమ్ ట్రాపులు (ఆవిరిని ఆపి నీటిని మాత్రమే వదిలే వాల్వులు) చెడిపోయి ఉంటాయని అమెరికా ఇంధన శాఖ చెప్పే లెక్క. తెరుచుకుపోయిన ట్రాపు ఆవిరిని తిన్నగా కండెన్సేట్ (ఆవిరి చల్లారి నీరైనది తిరిగొచ్చే) గొట్టంలోకి వదిలేస్తుంది. బాయిలర్‌కు కొత్తగా పోసే నీటి మీటరును వారం వారం చూస్తే లీకు ముందే తెలుస్తుంది.

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం మార్గం ఇక్కడ చెప్పుకోవాలి. 1987 నుంచి నడిచిన గ్యాసు కోజనరేషన్ (కరెంటు, వేడి రెండూ కలిపి ఇచ్చే) ప్లాంటును మూసేసి, 2015లో కొత్త కేంద్ర ప్లాంటును మొదలుపెట్టింది. గంట గంట లెక్కలు తీస్తే ఒకే సమయంలో ప్రాంగణానికి చల్లదనమూ వేడీ రెండూ కావాలని, ఆ రెండు అవసరాలు దాదాపు 70 శాతం ఒకదానిపై ఒకటి పడుతున్నాయని తేలింది. అంతవరకూ చల్లబరిచేటప్పుడు వచ్చే వేడిని కూలింగ్ టవర్ ఆకాశంలోకి పారేసేది, పక్కన బాయిలర్ గ్యాసు మండించి వేడి తయారు చేసేది. ఇప్పుడు హీట్ రికవరీ చిల్లర్లు ఒకదాని వేడిని ఇంకోదానికి అందిస్తాయి, చల్లటి నీళ్లకూ వేడి నీళ్లకూ భారీ ట్యాంకులున్నాయి. ఇందుకోసం 155 భవనాలను ఆవిరి నుంచి వేడినీటికి మార్చాల్సి వచ్చింది. ఇండియానాలోని బాల్ స్టేట్ విశ్వవిద్యాలయం 2009లో పని మొదలుపెట్టి సుమారు 3,600 బోర్లు వేసి, నాలుగు బొగ్గు బాయిలర్ల స్థానంలో భూతాప హీట్ పంపులు (భూమిలోంచి వేడిని లాగే యంత్రాలు) పెట్టింది. కార్నెల్ విశ్వవిద్యాలయం 2000 నుంచి కయూగా సరస్సు లోతుల్లోని 4 డిగ్రీల నీటితో ప్రాంగణాన్ని చల్లబరుస్తోంది. చిల్లర్లతో పోలిస్తే కరెంటు ఖర్చు 80 శాతానికి పైగా తగ్గింది. సరస్సు నీరు ప్రాంగణంలోకి రాదు. హీట్ ఎక్స్ఛేంజరులో చలి ఇచ్చేసి వెనక్కి వెళ్లిపోతుంది.

ఇవి విని వెంటనే హీట్ పంపులకు టెండరు పిలవకండి. గ్యాసు బాయిలర్‌లో పైపుల నష్టంతో కలిపి ఒక యూనిట్ వేడికి 0.25 కిలోలు పడుతుందనుకుందాం. సీఓపీ 3 ఉన్న (ఒక యూనిట్ కరెంటుకు మూడు యూనిట్ల వేడి ఇచ్చే) హీట్ పంపుకు గ్రిడ్ గుణకంలో మూడో వంతు పడుతుంది. గుణకం 0.9 అయితే 0.3 కిలోలు. అంటే బొగ్గు గ్రిడ్ మీద ఇవాళ్టికి గ్యాసే నయం. గుణకం 0.4కి దిగితే హీట్ పంపు దాదాపు సగం తగ్గిస్తుంది. యంత్రం ఇరవై ఏళ్లు ఉంటుంది కాబట్టి ఇవాళ్టి గ్రిడ్‌తో పాటు రాబోయే గ్రిడ్‌నూ లెక్కలో పెట్టాలి. ఇంకో పరీక్ష ఉచితం. చలికాలంలో ఒక వారం వేడినీటి ఉష్ణోగ్రతను 80 నుంచి 55 డిగ్రీలకు మెల్లగా దించి చూడండి. ఏ భవనాలు ఫిర్యాదు చేస్తాయో వాటికే కాయిళ్లు మార్చాలి, మిగతావి సిద్ధంగానే ఉన్నట్టు.

కనిపించని వాయువుల గురించి రెండు మాటలు. ఐపీసీసీ (ఐరాస వాతావరణ మార్పు శాస్త్రవేత్తల సంఘం) ఐదో నివేదిక ప్రకారం, ఏసీల్లో వాడే ఆర్-134ఏ వాయువు కిలో కారితే 1,300 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. ఆర్-410ఏ 1,924, ఆర్-404ఏ 3,943, ఆర్-32 అయితే 677. 300 కిలోల ఆర్-134ఏ ఉన్న చిల్లర్‌లో ఏటా 5 శాతం కారితే 15 కిలోలు, అంటే 19.5 టన్నులు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుల్లోనూ, హై వోల్టేజ్ స్విచ్‌గేర్‌లోనూ సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ ఉంటుంది. దాని సంఖ్య 23,500, ఒక్క కిలో పోతే 23.5 టన్నులు. పాత ఆర్-22 క్యోటో వాతావరణ ఒప్పందం జాబితాలో లేదు కాబట్టి కొందరు లెక్కే రాయరు. దాన్ని విడిగా చూపించాలి. ఏసీ కాంట్రాక్టరు "గ్యాస్ నింపాం" అని బిల్లు ఇస్తే ఒప్పుకోకండి. సిలిండర్ ముందు బరువు, తర్వాత బరువు రాయించండి. నింపింది ఎంతో, కారింది అంతే.

స్కోప్ 3లో కొనుగోళ్లను డబ్బుతో గుణించి లెక్కగడతారు. మొదటి అంచనాకు సరే. ధర పెరిగితే ఉద్గారం పెరిగినట్టు, తక్కువ కార్బన్ ఉన్న ఖరీదైన సరుకు కొంటే నష్టపోయినట్టు చూపిస్తుంది కాబట్టి, దాని మీద లక్ష్యాలు పెట్టకండి. విమాన ప్రయాణాలకు టికెట్ డేటా ఉంటుంది, దూరం, తరగతి తీసుకోండి.

సర్టిఫికెట్లూ ఆఫ్‌సెట్లూ (వేరేచోట జరిగే తగ్గింపుకు డబ్బిచ్చి మన లెక్కలో వేసుకునేవి) చివర్లో రావాలి. కప్పు మీద సోలార్ పెట్టి, దాని పునరుత్పాదక సర్టిఫికెట్లు అమ్ముకుని, మళ్లీ అదే సోలార్‌ను మన తగ్గింపుగా చెప్పుకోవడం ఒకే ఆవును ఇద్దరికి అమ్మడం. 2015 నుంచి ప్రోటోకాల్ స్కోప్ 2కు రెండు అంకెలు అడుగుతోంది: గ్రిడ్ సగటుతో ఒకటి, కరెంటు కొనుగోలు ఒప్పందాలతో ఒకటి. రెండూ ప్రచురించండి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ వ్యవస్థ 2025కల్లా కార్బన్ తటస్థత సాధిస్తామని 2013లో ప్రకటించింది. తర్వాత 2023లో ఆఫ్‌సెట్ల దారి నుంచి మళ్లి, 2019తో పోలిస్తే 2045కల్లా కనీసం 90 శాతం నేరుగా తగ్గించాలన్న లక్ష్యానికి మారింది. నా దృష్టిలో అది వెనకడుగు కాదు, లెక్కను నిజాయతీ చేసుకోవడం.

డబ్బు దగ్గర చిక్కు ఏమిటంటే, కరెంటు వాడేది విభాగం, బిల్లు కట్టేది కేంద్రం. యేల్ విశ్వవిద్యాలయం ముందు ప్రయోగాత్మకంగా చేసి, 2017లో టన్నుకు 40 డాలర్ల అంతర్గత కార్బన్ రుసుము పెట్టింది. ప్రాంగణం సగటు కన్నా బాగా చేసిన భవనాలకు డబ్బు తిరిగొస్తుంది, వెనకబడినవి కడతాయి. మొత్తం విశ్వవిద్యాలయానికి నికర భారం లేదు. అంత దూరం వెళ్లలేకపోయినా, భవనాల వారీ బిల్లును డీన్ టేబుల్ మీద పెట్టడం వల్లే సగం సంభాషణ మొదలవుతుంది.

ప్రశ్న: ల్యాబుల్లో గాలి తగ్గించి ప్రమాదం జరిగితే బాధ్యత ఎవరిది?

సరైన ప్రశ్న. అందుకే ఈ పని ఎస్టేట్ విభాగం ఒంటరిగా చేయకూడదు. భద్రతాధికారి సంతకం లేకుండా ఒక్క సెట్‌పాయింట్ మారకూడదు. ముందు పొగ పరీక్ష చేయండి. 12 సార్లు గాలి మారుతున్నా సప్లై డిఫ్యూజర్ (గదిలోకి గాలి వదిలే జాలి) హుడ్ ఎదురుగా ఉంటే, ఆ గాలి దెబ్బకు హుడ్‌లోంచి ఆవిర్లు బయటకు వస్తాయి. గాలి ఎంతన్నదే కాదు, ఎటు పోతోందన్నదీ చూడాలి. డిఫ్యూజర్ మార్చి గాలి తగ్గిస్తే కొన్నిచోట్ల ల్యాబ్ మునుపటికన్నా సురక్షితమవుతుంది.

ప్రశ్న: మా ప్రాంగణంలో ఏటా వేల మొక్కలు నాటుతున్నాం. వాటిని లెక్కలో తీసేయొచ్చా?

నాటండి, నీడ కోసం నాటండి. ఎదిగిన చెట్టు ఏడాదికి 20 కిలోల ప్రాంతంలో పీల్చుకుంటుందని వేసుకునే లెక్క. మొదట చెప్పిన 100 కిలోవాట్ల రేయింబవళ్ల లోడుకు 30,000 పైగా ఎదిగిన చెట్లు కావాలి. మొక్కలు కాదు, ఎదిగిన చెట్లు. వాటిని విడిగా చూపండి, ఉద్గారాల్లోంచి తీసేయకండి.

ప్రశ్న: ఉప మీటర్లకు నిధులు లేవు. ఏం చేయాలి?

మెయిన్ మీటరు ఇప్పటికే 15 లేదా 30 నిమిషాలకోసారి లోడు నమోదు చేస్తూ ఉంటుంది. విద్యుత్ సంస్థను అడిగితే ఆ ఫైలు ఇస్తారు. ఒక క్లాంప్ లాగర్ (తీగకు తగిలిస్తే లోడు నమోదు చేసుకునే పరికరం) తెచ్చి, భవనానికో వారం చొప్పున ప్యానెల్‌కు తగిలించండి. ఈలోగా ఒక ఎలక్ట్రీషియన్, ఒక ల్యాబ్ టెక్నీషియన్, మాస్టర్ తాళాలతో సెక్యూరిటీ మనిషి, ముగ్గురు కలిసి సెలవు రాత్రి భవనాలన్నీ తిరగండి. ఏది మోగుతోంది, ఏది వెలుగుతోంది, ఏ డక్టులో గాలి వస్తోంది అన్నీ రాయండి. ప్రతి యంత్రం పక్కన "దీన్ని ఆపే అధికారం ఎవరిది" అని ఒక గడి పెట్టండి. ఆ గడి ఖాళీగా మిగిలిన యంత్రాల జాబితా విడిగా తీసి, ముందు వాటితోనే మొదలుపెట్టండి. అడ్డుచెప్పే వాళ్లు ఉండరు, ఎందుకంటే అవి ఎవరివో ఎవరికీ తెలియదు.